ఆకాశానికి టిక్కెట్టు



బస్సుకు టిక్కెట్టు ఉంది. రైలుకు ఉంది. విమానానికీ ఉంది. ఆకాశం దాటి పోవడానికి కూడా టిక్కెట్టు ఉందంటే నమ్ముతారా? ఉన్నది. 2001వ సంవత్సరం నుండి ఉన్నది. ఈ పూట ముచ్చట ఆ టిక్కెట్టు గురించే. దాని ధర ఎంత? ఎవరు కొంటున్నారు? పోయినవాళ్ళు క్షేమంగా వస్తున్నారా? టిక్కెట్టు కొన్నవాళ్ళు ఒక కాగితం మీద సంతకం కూడా పెట్టాలి. ఆ కాగితంలో ఏమున్నది? అది కూడా చూద్దాం.

మొదట పోయింది ఎవరు?

భూమి చుట్టూ గాలి ఉంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. ఇంకా పైకి పోతే గాలే ఉండదు. దాన్నే అంతరిక్షం అంటారు. నూరు కిలోమీటర్ల పైనుండి అంతరిక్షం మొదలైనట్టు చాలామంది లెక్క వేస్తారు. హైదరాబాదు నుండి నల్గొండ ఎంత దూరమో, ఇంచుమించు అంత దూరం నిలువుగా పైకి పోవాలన్నమాట.

అక్కడికి మొదట పోయిన మనిషి రష్యావాడు. పేరు యూరీ గగారిన్. 1961 ఏప్రిల్ 12న పోయాడు. మొదట పోయిన ఆడమనిషి కూడా రష్యా ఆమే. ఆమె పేరు వాలెంటీనా తెరిష్కోవా. ఆమె ఎవరో తెలుసా? బట్టల మిల్లులో పనిచేసిన కార్మికురాలు. తండ్రి ట్రాక్టరు నడిపేవాడు. యుద్ధంలో చనిపోయాడు. ఆమె పారాచూట్ కట్టుకుని విమానంలో నుంచి దూకడం నేర్చుకుంది. అందుకే ఆమెను ఎంపిక చేశారు. 1963 జూన్‌లో ఒంటరిగా పోయి, దాదాపు మూడు రోజులు ఉండి, భూమి చుట్టూ 48 సార్లు తిరిగి వచ్చింది. 1984లో మన దేశం నుండి రాకేశ్ శర్మ పోయాడు.

వీళ్ళెవరూ టిక్కెట్టు కొనలేదు. ప్రభుత్వాలు ఎంపిక చేసి, నెలల తరబడి, ఏళ్ళ తరబడి తర్ఫీదు ఇచ్చి పంపాయి. చేతి డబ్బు పెట్టి పోయిన మొదటివాడు డెన్నిస్ టిటో. అమెరికాలో పెద్ద వ్యాపారి. 60 ఏళ్ళ వయసు. 2001 ఏప్రిల్ 28న రష్యావాళ్ళ రాకెట్ ఎక్కి పోయాడు. ఎనిమిది రోజులు ఉండి వచ్చాడు. దానికి రెండు కోట్ల డాలర్లు ఇచ్చాడని చెబుతారు. ఆనాటి మన డబ్బులో 90 కోట్ల రూపాయల పైమాటే.

అమెరికా అంతరిక్ష సంస్థ నాసా మాత్రం ఇతన్ని పంపవద్దని పట్టుబట్టింది. పైన ఉన్నది పని చేసే చోటు, చుట్టం చూపుగా వచ్చేవాళ్ళకు కాదు అన్నది. రష్యావాళ్ళకు ఆ రోజుల్లో డబ్బు కావాలి. పంపేశారు. పైన ఏ వస్తువు పాడుచేసినా ఖర్చు తనే భరిస్తానని టిటో చేత ముందే రాయించుకున్నారు.

రెండు రకాల ప్రయాణాలు

ఒకటి పెద్ద ప్రయాణం. భూమి చుట్టూ రోజుల తరబడి తిరగడం. దీనికి గంటకు 28 వేల కిలోమీటర్ల వేగం కావాలి. టిటో పోయింది ఇలాగే.

రెండోది చిన్న ప్రయాణం. బంతిని పైకి విసిరితే ఏమవుతుంది? కొంత ఎత్తు పోయి తిరిగి కింద పడుతుంది. ఇదీ అంతే. అంచు దాకా పోయి వెనక్కి రావడమే. ఇలా తీసుకుపోయే కంపెనీలు ముఖ్యంగా రెండు వచ్చాయి. ఒకటి వర్జిన్ గెలాక్టిక్. దాన్ని పెట్టినవాడు రిచర్డ్ బ్రాన్సన్. రెండోది బ్లూ ఆరిజిన్. ఇది జెఫ్ బెజోస్‌ది. ఇంటింటికీ సామాన్లు పంపే అమెజాన్ కంపెనీ పెట్టినవాడు ఈయనే.

బ్లూ ఆరిజిన్ రాకెట్ నిటారుగా లేస్తుంది. అందులో పైలట్ ఉండడు. మనుషులు కూర్చున్న డబ్బా విడిపోయి, మూడు పారాచూట్లతో ఎడారిలో దిగుతుంది. అంతా కలిపి 10, 11 నిమిషాలు. వర్జిన్ వాళ్ళది వేరే పద్ధతి. ఒక పెద్ద విమానం కడుపు కింద చిన్న విమానాన్ని మోసుకుని దాదాపు 14 కిలోమీటర్లు పైకి పోతుంది. అక్కడ వదిలేస్తుంది. చిన్న విమానంలో ఇద్దరు పైలట్లు ఉంటారు. దాని రాకెట్ ఒక నిమిషం మండుతుంది. అంతే, 80 కిలోమీటర్లు దాటిపోతుంది. నూరు అందుకోదు. 80 దాటితే అంతరిక్షమే అని అమెరికావాళ్ళ లెక్క.

రెండింటిలోనూ మూడు నాలుగు నిమిషాలు మనిషి గాలిలో తేలుతాడు. అదే అసలు వేడుక. ఎందుకు తేలుతాడు? బావిలో చేద వేశారు. తాడు తెగింది. చేద పడుతోంది. చేదతో పాటు అందులోని నీళ్ళూ పడుతున్నాయి. రెండూ ఒకే వేగంతో పడుతుంటే నీళ్ళ బరువు చేద మీద ఆనదు. ఆ చేదలో ఒక చీమ ఉన్నదనుకోండి. దానికి కాళ్ళ కింద ఏమీ తగలదు. తేలుతున్నట్టే ఉంటుంది. ఆకాశంలో మనిషి సంగతీ అంతే. తేలడం అంటే నిజానికి పడడమే!

మీరే లెక్క వేయండి

కాగితం, పెన్సిలు తీసుకోండి. 2021లో వర్జిన్ గెలాక్టిక్ టిక్కెట్టు ధర నాలుగున్నర లక్షల డాలర్లు. ఆనాటి మన డబ్బులో సుమారు 3 కోట్ల 30 లక్షల రూపాయలు. 2024-25లో మన రెండు తెలుగు రాష్ట్రాలలో ఉపాధి హామీ పనికి రోజు కూలి 300 రూపాయలు. 3,30,00,000ను 300తో భాగించండి. 1,10,000 రోజులు వస్తుంది. అప్పట్లో ఉపాధి పని ఇంటికి ఏడాదికి 100 రోజులు ఉండేది. అంటే ఒక ఇంటివాళ్ళు 1,100 ఏళ్ళు పలుగూ పారా పడితే ఒక టిక్కెట్టు.

అదైనా నాలుగు నిమిషాల తేలుడుకు. బ్లూ ఆరిజిన్ వాళ్ళు 2021లో మొదటి ప్రయాణంలో ఒక సీటును వేలం వేశారు. 2 కోట్ల 80 లక్షల డాలర్లు పలికింది. కొన్నవాడికి ఆ రోజు తీరిక లేదట! అతని సీటులో ఇంకొకరు, 18 ఏళ్ళ కుర్రవాడు, పోయాడు. బెజోస్ తిరిగి వచ్చాక అమెజాన్‌లో పనిచేసేవారికీ కొనేవారికీ కృతజ్ఞతలు చెప్పాడు. దీని ఖర్చంతా మీరే పెట్టుకున్నారు అన్నాడు. ఆ మాట నిజమే. అందుకే అది విన్న కార్మికులలో చాలామందికి మంట పుట్టింది.

ఆడవాళ్ళు కొందరు

వాలీ ఫంక్ అనే అమెరికా ఆమె కథ వినదగ్గది. ఆమె విమానం నడిపే పైలట్. 1961 నాటికి అంతరిక్షంలోకి పోవడానికి కావలసిన కఠినమైన పరీక్షలు 13 మంది ఆడవాళ్ళు నెగ్గారు. అందులో ఆమె ఒకతె. ఆడవాళ్ళని ఆనాడు పంపలేదు. ఆమె ఆశ వదులుకోలేదు. 2010లో తన డబ్బు పెట్టి వర్జిన్‌లో సీటు చెప్పుకుంది. అది ఎంతకీ లేవలేదు. చివరికి 2021 జులై 20న బెజోస్ పిలిచి తన రాకెట్‌లో తీసుకుపోయాడు. అప్పటికి ఆమె వయసు 82.

అంతకు తొమ్మిది రోజుల ముందే, జులై 11న, బ్రాన్సన్ తన విమానంలో పోయాడు. ఆయనతో పోయినవారిలో మన తెలుగు అమ్మాయి శిరీష బండ్ల ఉన్నది. తెలుగు కుటుంబంలో పుట్టి అమెరికాలో పెరిగింది. ఆమె టిక్కెట్టు కొనలేదు. ఆ కంపెనీలో ఉద్యోగి. బరువు తెలియని చోట మొక్కలు ఎలా ఉంటాయో చూసే ప్రయోగం చేసింది. ఆ రోజు మన ఊళ్ళలో టీవీల ముందు ఎంత సంబరం! కానీ ఆ ప్రయాణంలో విమానం తనకు ఇచ్చిన దారి తప్పి 1 నిమిషం 41 సెకన్లు బయట తిరిగింది. ఆ సంగతి సెప్టెంబరులో బయటపడింది. విచారణ అయ్యేవరకు ప్రభుత్వం ఆ విమానాన్ని ఎగరవద్దని ఆపింది. సంబరం జరిగిన రోజు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

2023 ఆగస్టులో ఒక తల్లీ కూతురూ పోయారు. తల్లి పేరు కీషా షహాఫ్. కూతురు అనస్టాషియా మేయర్స్, 18 ఏళ్ళు, కాలేజీ పిల్ల. ఆంటిగ్వా అనే చిన్న ద్వీపంవాళ్ళు. వీళ్ళు కోటీశ్వరులు కారు. ఒక సేవా సంస్థకు చందాలు పోగుచేయడానికి పెట్టిన లాటరీలో సీట్లు తగిలాయి. వాళ్ళ పక్క సీటులో 80 ఏళ్ళ పెద్దాయన. 2005లోనే టిక్కెట్టు కొన్నాడు. 18 ఏళ్ళు కాచుకున్నాడు. ఈలోగా చేతులు వణికే పార్కిన్సన్ జబ్బు కూడా వచ్చింది. అయినా పోయి వచ్చాడు.

2024 మే నెలలో విజయవాడలో పుట్టిన గోపీచంద్ తోటకూర బ్లూ ఆరిజిన్‌లో పోయాడు. మన దేశం నుండి అంతరిక్షానికి పోయిన మొదటి యాత్రికుడు అతనే. ఆ డబ్బా దిగేటప్పుడు మూడు పారాచూట్లలో ఒకటి పూర్తిగా విచ్చుకోలేదు. రెండింటితో దిగినా ఏమీ కాకుండా దాన్ని కట్టారు కాబట్టి అందరూ క్షేమం.

ప్రమాదం ఎంత?

నాసావారి స్పేస్ షటిల్ అనే వాహనం 1981 నుండి 2011 వరకు 135 సార్లు పోయింది. రెండు సార్లు నాశనమైంది. 14 మంది చనిపోయారు. 135కు రెండు! మీ ఊరి నుండి మండలానికి పోయే బస్సు ఒకటి ఉన్నది. రోజుకు రెండుసార్లు పోతుంది. ఈ లెక్కన అది 135 సార్లు తిరిగేలోగా, అంటే రెండున్నర నెలలు కూడా కాకముందే, రెండు బస్సులు జనంతో సహా పోవాలి. అలాంటి బస్సు ఎవరైనా ఎక్కుతారా?

మొదటిది ఛాలెంజర్. 1986 జనవరి 28. అందులో క్రిస్టా మెకాలిఫ్ అనే బడి పంతులమ్మ ఉన్నది. మామూలు మనుషులను కూడా పంపుదామని అమెరికా ప్రభుత్వం అనుకున్నది. 11 వేలమందికి పైగా టీచర్లు దరఖాస్తు పెట్టారు. ఆమెను ఎంచుకున్నారు. పైనుండి పిల్లలకు పాఠం చెప్పాలి. దేశమంతా బడులలో పిల్లలు టీవీల ముందు కూర్చున్నారు. 73 సెకన్లకు ఆకాశంలోనే ముక్కలైపోయింది. ఏడుగురూ పోయారు.

కారణం ఏమిటి? ఒక రబ్బరు చుట్టు. మీ ఇంట్లో కుక్కరు మూతకు గాస్కెట్ ఉంటుంది కదా. అది బిగుసుకుపోతే పక్కనుంచి ఆవిరి కక్కుతుంది. అలాంటిదే అది. చాలా పెద్దది. రాకెట్ అతుకుల దగ్గర వేడి గాలి బయటకు రాకుండా ఆపాలి. ఆ ఉదయం గడ్డకట్టే చలి. రబ్బరు బిర్రబిగిసింది. మంట బయటకు కక్కింది. ముందు రాత్రే ఆ రాకెట్ కట్టిన కంపెనీ ఇంజనీర్లు చెప్పారు. ఇంత చలిలో వదలవద్దు అన్నారు. పైవాళ్ళు వాళ్ళ నోరు నొక్కారు. ఆఖరి అనుమతి ఇచ్చే పెద్దల దాకా ఆ మాట పోనే లేదని తరువాత విచారణలో తేలింది. ఇక లోపల కూర్చున్న పంతులమ్మ దాకా ఏం పోతుంది?

రెండోది కొలంబియా. 2003 ఫిబ్రవరి 1. అందులో మన కర్నాల్‌లో పుట్టిన కల్పనా చావ్లా ఉన్నది. బయలుదేరేటప్పుడు ఊడిన నురుగు ముక్క ఒకటి రెక్కకు తగిలింది. తగిలిందని కింద ఉన్నవాళ్ళకు తెలుసు. ఏమీ కాదులే అన్నారు. పదహారు రోజుల తరువాత దిగి వస్తుంటే, ఆ దెబ్బ తగిలిన చోటు నుంచి నిప్పులాంటి గాలి రెక్కలోకి దూరింది. గంటకు 28 వేల కిలోమీటర్ల వేగంతో గాలిలోకి దిగడం అంటే కొలిమిలోకి దిగడమే. చిన్న ప్రయాణాలలో వేగం తక్కువ. కాబట్టి ఇంత వేడి పుట్టదు. అందులో ఉన్న మేలు అదొకటి.

కూలికి పోయినవాళ్ళ ప్రాణాలు

చిన్న ప్రయాణాలలో ఈ 2021 నుండి 2025 వరకు డబ్బు కట్టి పోయిన యాత్రికులు ఎవరూ చనిపోలేదు. ఇది నిజం. కానీ వాళ్ళకోసం ఆ వాహనాలు తయారు చేసినవాళ్ళు చనిపోయారు. ఆ పేర్లు పేపర్లలో అంతగా రావు.

2007 జులై 26. అమెరికాలో మొహావి ఎడారి. వర్జిన్ గెలాక్టిక్ కోసం విమానం కడుతున్న సంస్థవాళ్ళు ఒక వాయువును పరీక్షిస్తున్నారు. ఆసుపత్రులలో మత్తు ఇవ్వడానికి వాడే వాయువే అది. రాకెట్ మండడానికి వాడతారు. మంట పెట్టలేదు. ఉత్తగా గొట్టంలో నుంచి పంపి చూస్తున్నారు. ట్యాంకు పేలింది. ముగ్గురు చనిపోయారు. ఇంకో ముగ్గురికి దెబ్బలు తగిలాయి. ఆ వాయువు వల్ల వచ్చే ప్రమాదం గురించి పనివాళ్ళకు సరిగా తెలియజెప్పలేదని ప్రభుత్వ తనిఖీవాళ్ళు ఆ సంస్థకు జరిమానా వేశారు.

2014 అక్టోబరు 31. అదే ఎడారి మీద ఆకాశం. ఆ విమానాన్ని ఎగరేసి పరీక్షిస్తున్నారు. దాని తోక పైకి మడుచుకునేలా కట్టారు. కిందకు దిగేటప్పుడు వేగం తగ్గడానికి అది కావాలి. ఎక్కేటప్పుడు మడవకూడదు. దాని గొళ్ళెం తీయడానికి ఒక సమయం ఉంది. రెండో పైలట్ మైకేల్ ఆల్స్‌బరీ కొన్ని సెకన్లు ముందే తీశాడు. తోక తనంత తానే లేచింది. విమానం గాలిలోనే చీలిపోయింది. ఆల్స్‌బరీ చనిపోయాడు. మొదటి పైలట్ బయటకు విసిరివేయబడి, పారాచూట్ తెరుచుకుని, దెబ్బలతో బతికాడు.

తప్పు ఎవరిది? చనిపోయినవాడి మీద పెట్టేస్తే సులువు. విచారణ బోర్డు అలా సరిపెట్టలేదు. మనిషి ఎప్పుడో ఒకసారి పొరపాటు చేస్తాడు. ఒక్క పొరపాటుకే విమానం కూలిపోయేలా ఎందుకు కట్టారు అని అడిగింది. కట్టినవాళ్ళు ఆ ఆలోచనే చేయలేదని తేల్చింది. అప్పటికి ఆ విమానం కోసం దాదాపు 700 మంది డబ్బు కట్టి కూర్చున్నారు.

మన శ్రీహరికోటలో కూడా 2004 ఫిబ్రవరిలో రాకెట్ మందు తయారయ్యే చోట ప్రమాదం జరిగి ఆరుగురు పోయారు. అది విహారయాత్రల కోసం కాదు. అయినా రాకెట్ అంటే ముందు ప్రమాదం కింద పనిచేసేవాళ్ళకే అని తెలియడానికి చెప్పుకోవాలి.

ఒంటికి కూడా కష్టమే. పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు మనిషి బరువు మూడింతలు, అయిదింతలు అయినట్టు ఉంటుంది. ఛాతీ మీద మనుషులు కూర్చున్నట్టు. వాంతులు మామూలు. పొగ సంగతీ ఉంది. కిరోసిన్, రబ్బరు మండించే రాకెట్ల మసి బాగా పైన చేరుతుంది. అక్కడ వాన లేదు, కడిగిపోదు. ఏళ్ళ తరబడి ఉండి వేడిని పట్టి ఉంచుతుంది. బ్లూ ఆరిజిన్ చిన్న రాకెట్ నుంచి మాత్రం ముఖ్యంగా నీటి ఆవిరే వస్తుంది.

ఇక ఆ కాగితం

2004లో అమెరికా ఒక చట్టం చేసింది. అంతరిక్షానికి పోయే ప్రయాణికుల క్షేమం కోసం ప్రభుత్వం ఇప్పుడే నియమాలు పెట్టదు అన్నది. వ్యాపారం ఇంకా పసిబిడ్డ, నియమాలు పెడితే ఎదగదు అని కారణం చెప్పారు. కింద ఉన్న జనం మీద పడకుండా మాత్రం ప్రభుత్వం చూస్తుంది. లోపల కూర్చున్నవాళ్ళ సంగతి వాళ్ళే చూసుకోవాలి. దానికి బదులుగా ఒక షరతు పెట్టారు. ప్రయాణికుడికి అన్నీ చెప్పి, సంతకం తీసుకోవాలి.

ఏం చెప్పాలి? ఈ ప్రయాణంలో చావు రావచ్చు. కాలూ చెయ్యీ పోవచ్చు. మతి పోవచ్చు. ఇంకా ఎవరికీ తెలియని ప్రమాదాలు కూడా ఉండవచ్చు. ఇలాంటి వాహనాలలో ఇంతవరకు ఎంతమంది పోయారు, ఎంతమంది చనిపోయారు, అదీ చెప్పాలి. ఈ వాహనం క్షేమమైనదని అమెరికా ప్రభుత్వం ధ్రువీకరించలేదు అని రాసి ఇవ్వాలి. నోటితో ప్రశ్నలు అడగడానికి అవకాశం ఇవ్వాలి. ఆ పైన సంతకం, తేదీ.

ఆ నియమాలలో ఒక మంచి మాట ఉన్నది. ప్రత్యేకమైన చదువు లేనివాళ్ళకు కూడా తేలికగా అర్థమయ్యేలా చెప్పాలట. కోట్లు పెట్టి టిక్కెట్టు కొనేవాడి వెనక వకీళ్ళు ఉంటారు. అయినా అతనికి అర్థమయ్యేలా చెప్పాలని రాశారు. ఇక్కడ ప్రామిసరీ నోటు మీద, బ్యాంకు కాగితం మీద, ఆపరేషన్‌కు ముందు ఆసుపత్రివాళ్ళు చాపే కాగితం మీద వేలిముద్ర వేసిన అమ్మలు ఎందరో ఉన్నారు. వాళ్ళకు అర్థమయ్యేలా చదివి చెప్పినవాళ్ళు ఎందరు?

ఆ కాగితానికి రెండో వైపు కూడా ఉన్నది. సంతకం పెట్టినవాడు ప్రమాదం జరిగితే ప్రభుత్వం మీద దావా వేయనని ఒప్పుకున్నట్టే. న్యూమెక్సికో, టెక్సాస్, ఫ్లోరిడా వంటి రాష్ట్రాలు ఇంకో అడుగు వేశాయి. అన్నీ చెప్పి సంతకం తీసుకుంటే చాలు, కంపెనీ మీద కూడా దావా వేయడం కష్టమయ్యేలా చట్టాలు చేశాయి. కళ్ళు తెరిపించే కాగితమే కోర్టు తలుపు కూడా మూస్తుంది.

సముద్రంలో ఇలాంటిదే జరిగింది. 2023 జూన్ 18న టైటాన్ అనే చిన్న జలాంతర్గామి, ఎప్పుడో మునిగిన టైటానిక్ ఓడను చూపిస్తానని లోతుకు పోయింది. టిక్కెట్టు రెండున్నర లక్షల డాలర్లు. నీటి బరువుకు నలిగిపోయింది. అయిదుగురు చనిపోయారు. అందులో తండ్రీ, 19 ఏళ్ళ కొడుకూ ఉన్నారు. అంతకు ముందు ఏడాదే బ్లూ ఆరిజిన్‌లో అంతరిక్షానికి పోయి వచ్చినవాడు ఒకడు కూడా ఉన్నాడు. ఆ జలాంతర్గామి గట్టిదని ఏ సంస్థా పరీక్షించి చెప్పలేదు. దాని కాగితంలో మొదటి పేజీలోనే చావు అనే మాట ఉంది. చదివే సంతకం పెట్టారు.

ఆకాశం చట్టంలో నియమాలు పెట్టకూడదన్న గడువు మొదట 2012 వరకు ఉండేది. తరువాత 2015 వరకు పెంచారు. మళ్ళీ 2023 వరకు పెంచారు. 2024లో ఇంకోసారి పెంచారు. ఇప్పుడది 2028 జనవరి 1 వరకు ఉన్నది. ఈలోగా ఎవరైనా చనిపోతేనో, గట్టి దెబ్బలు తగిలితేనో, దానికి కారణమైన భాగం మీద మాత్రం ప్రభుత్వం నియమం పెట్టవచ్చు.